పన్నెండు నెలల నీళ్ళు

బాబాయిగారు పోయారన్న కబురు నాకు జుగ్సలాయి బజారులో తెలిసింది. ఎండు రొయ్యల బుట్ట ముందు కూర్చుని, ఇవి ఈ ఏటివి కావు, పోయినేటివి అని కొట్టువాడితో వాదిస్తున్నాను. టాటానగర్ స్టేషన్లో పనిచేసే మా వైపు పెద్దాయన ఒకాయన నన్ను చూసి సైకిలు దిగాడు. "అమ్మా, మీ బాబాయి ఇయ్యాల తెల్లారగట్ల పోయారట. కద్మాలో కొడుకు ఇంట్లోనే. నిద్దర్లోనే పోయారట" అన్నాడు. నా చేతిలో గుప్పెడు రొయ్యలున్నాయి. వాటిని బుట్టలో వెయ్యాలో సంచిలో వెయ్యాలో తోచక అలాగే పట్టుకుని నిలబడ్డాను. "క్యా హువా దీదీ?" అని కొట్టువాడు అడిగితే, "మాకు నీళ్ళు చూసిపెట్టిన మనిషి పోయాడు" అన్నాను, తెలుగులోనే. వాడికేం అర్థమైందో గాని ఇంకేమీ వాదించలేదు.

ఆయన నాకు చుట్టం కాదు. ఇదే టాటానగర్‌లో, సీతారాండేరాలో మా పక్క వాటాలో చాలా ఏళ్ళు ఉన్నారు, అంతే. పెళ్ళై ఈ ఊరు వచ్చిన మొదటి వారంలో ఎవర్ని ఏమని పిలవాలో తెలియక గుమ్మంలో బిక్కమొహం వేసుకుని నిలబడితే, "నన్ను బాబాయి అను, ఆవిడ్ని పిన్ని అను, మిగతా ఊరిని తరవాత సూసుకుందాం" అన్నారు. ఆ రోజునుంచీ ఆయన బాబాయిగారు, ఆవిడ పిన్నిగారు. ఇక్కడికొచ్చి ఇంకా ఇరవై ఏళ్ళు కాలేదు గాని, పుట్టింటి బాబాయిల కంటే ఆయన్నే ఎక్కువ పిలిచి ఉంటాను.

కార్ఖానాలో బాయిలర్లకు పోసే నీళ్ళు పరీక్షించే లేబులో ఆయన ఉద్యోగం. బాయిలరులోకి పనికిరాని నీళ్ళు పోతే గొట్టాల లోపల సున్నం పేరుకుంటుందట, చివరికి అవి పగులుతాయట. అలా పగలకుండా కాపలా కాయడం ఆయన పని. ఆ అలవాటు ఇంటిదాకా వచ్చేసింది. ఎవరింట్లో మంచినీళ్ళిచ్చినా గ్లాసు కిటికీ వైపు ఎత్తి పట్టి, ఒక కన్ను మూసి చూసేవారు. "ఎప్పటి నీల్లమ్మా?" అని అడిగి గాని తాగేవారు కాదు. కొత్తగా వచ్చిన ఇల్లాళ్ళకి ఒళ్ళు మండేది. చొక్కాల మీద యాసిడ్ చుక్కలు పడి చిన్న చిన్న చిల్లులుండేవి. పిన్నిగారు వాటికి మాసికలు వేసీ వేసీ విసిగిపోయి, "ఈయన సొక్కా ఆరేత్తే జల్లెడ ఆరేసినట్టుంటాది" అనేవారు.

ఆయనకు బొత్తిగా పడని మాట 'ఇంచుమించు'. ఇంచుమించు ఎనిమిదింటికి వస్తానని ఎవరైనా అంటే, "ఎనిమిదికి ముందా, ఎనకా?" అనేవారు. నేను పులుసులో ఉప్పు ఇంచుమించు సరిపోయిందని అంటే, చెయ్యి చాపి ఒక బొట్టు వేయించుకుని, చప్పరించి, "సరిపోనేదు" అని తేల్చేవారు. నిజానికి సరిపోయేది కాదు కూడా.

మా ఆయన ఇప్పటికీ ఉద్యోగంలో ఉన్నాడు. మా ఊళ్ళో ఏటి ఒడ్డున మా మరిది రొయ్యల చెరువూ ఉంది. ఆ రెండూ ఒకదాన్ని ఒకటి మింగకుండా ఈ రోజు నిలబడి ఉన్నాయంటే అది బాబాయిగారి చలవ. ఆ సంగతే రాయాలని కూర్చున్నాను. ఆయన గురించి పెద్ద పెద్ద మాటలు రాస్తే పక్కన కూర్చుని 'ఇది ఎవుడు కొలిసాడు?' అని అడుగుతారేమోనని భయంగానే ఉంది.

ఈ ఎనభైల నడుమ మాట. శ్రీకాకుళం వైపు సముద్రానికి దగ్గరగా, ఉప్పుటేటి పక్కన మా అత్తవారికి ఎకరన్నర చవిటి నేల ఉంది. వానాకాలంలో ఏదో పండిందనిపించేది, తర్వాత తెల్లగా ఉప్పు పూత పూసి పడుండేది. ఒకసారి మా మరిది దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఏటికి అవతలి గట్టున ఎవరో చెరువులు తవ్వి, సముద్రపు నీళ్ళు పెట్టి, చారల రొయ్యలు పెంచుతున్నారట. ఏడాదికి రెండు పంటలట. 'అన్నయ్యా, మన నేల ఉప్పు నేల, మన ఏరు ఉప్పుటేరు. దేవుడు మన కోసమే పెట్టాడు. నువ్వు ఆ నిప్పుల్లో పని మానేసి వచ్చెయ్యి. ఇద్దరం కలిసి చేద్దాం' అని రాశాడు.

మా ఆయన ఆ ఉత్తరం ఎన్నిసార్లు చదివాడో లెక్కలేదు. ఆయనది రోలింగు మిల్లులో పని. ఎర్రగా కాలిన ఇనుము ముందు ఎనిమిది గంటలు నిలబడి వచ్చాక, ఎండాకాలంలో కూడా ఇంటి గచ్చు మీద బనీనుతో పడుకుని చెయ్యి నేలకి ఆనించి ఉండేవాడు. "సముద్రం గాలి మర్సిపోయినాను" అనేవాడు. ఆ మాట నాకు జాలిగానే ఉండేది. కానీ ఈ ఉద్యోగం పర్మనెంటు అవ్వడానికి ఆయన ఎన్నేళ్ళు కాంట్రాక్టు కూలీగా తిరిగాడో నాకు తెలుసు. ఒకసారి వదిలితే మళ్ళీ రాదు. రెండు పంటలు పండితే సంసారం నడుస్తుంది. పండకపోతే ఇద్దరు పిల్లలతో ఎక్కడికి పోతాం?

ఓ ఆదివారం చొక్కా ఉతుకుదామని జేబు చూస్తే నాలుగు మడతలు పెట్టిన కాగితం దొరికింది. రాజీనామా. సంతకం కూడా పెట్టేశాడు, తారీఖు ఒక్కటే వెయ్యలేదు. ఆ కాగితం పట్టుకుని పక్క వాటాకి వెళ్ళాను. ఏడుపు ఆపుకోలేకపోయాను, దాచడం ఎందుకు.

బాబాయిగారు కాగితం చదివి మడత పెట్టి నాకే ఇచ్చేశారు. "అతగాణ్ణి రమ్మను" అన్నారు. మా ఆయన ముభావంగానే వచ్చాడు. బాబాయిగారు రాజీనామా వద్దంటారని నేను, అంటే పడకూడదని మా ఆయన, ఇద్దరం సిద్ధంగా కూర్చున్నాం. బాబాయిగారు అడిగింది వేరే ప్రశ్న.

"నువ్వు ఊరెప్పుడెల్లినావు బావూ?"

"ఈ మే నెల మొదట్లోనే. పెల్లికి."

"అంతకు ముందు?"

"నిరుడు మే నెల్లో."

"అంతకు ముందు?"

మా ఆయన "మేలోనే. పిల్లలకి ఇస్కూలు ఛుట్టీ అప్పుడే కదేటి" అన్నాడు.

"నీల్లు ఎలగున్నాయి?"

"ఉప్పుగా. నోట్లో పెట్టలేం. పేరే ఉప్పుటేరు."

బాబాయిగారు చెవి మీది పెన్సిలు తీసి, అరిగిన మొనను చూసుకుంటూ అన్నారు: "టాటాలో ఉన్న మనందరికీ ఊరంటే మే నెల ఒక్కటే. పెల్లిల్లు, మామిడికాయలు, ఉక్కపోత. మిగతా పదకొండు నెల్లు ఆ ఏరు ఏటి సేత్తాదో మనకెవులికీ తెల్దు. తెల్దు గాని తెలుసనుకుంతాం."

నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గూ వేసింది. నిజమే. ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన మా ఆయన కూడా పదిహేనేళ్ళుగా ఆ ఏటిని మే నెలలోనే చూస్తున్నాడు. చిన్నప్పటి వానాకాలాల గురించి అడిగితే, తాటాకు గొడుగు, బురద, అంతే గుర్తున్నాయి. నీళ్ళు ఉప్పో తీపో ఎవరికి పట్టింది? ఊళ్ళోనే ఉన్న మరిదిని అడగొచ్చు కదా అంటే, "తమ్ముడికి సెరువు తవ్వాలనుంది. ఆడి నోటికి అన్ని నెల్లూ ఉప్పగానే ఉంటాయి. నీటిని అడగాల, మనిసిని కాదు" అన్నారు బాబాయిగారు.

ఆయన కోరింది ఒక్కటే. పన్నెండు నెలల నీళ్ళు వచ్చేదాకా ఆ కాగితం మీద తారీఖు వెయ్యకూడదు. మా ఆయన సరేనన్నాడు.

ఆ తర్వాత ఏడాది మా లైను ఇళ్ళలో జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వు ఆగదు. మా ఊరి వైపు వాళ్ళలో ఎవరైనా ఊరికి వెళ్తుంటే ముందు రోజు సాయంత్రం అందరిళ్ళకీ వచ్చి 'ఊరెల్తన్నాం' అని చెప్పడం అలవాటు. ఇరుగుపొరుగు తమ వాళ్ళకి ఇవ్వమని మూటలిచ్చేవాళ్ళు. చీర, మందులు, ఇక్కడి బజారులో కొన్న ఉన్ని స్వెట్టరు. బాబాయిగారు మాత్రం ఖాళీ సీసా ఇచ్చేవారు. సీసాతోబాటు పాఠం. ఆ ఏటి నీళ్ళతోనే మూడుసార్లు కడగాలి. సముద్రం పోటు మీదున్నప్పుడు మోకాలి లోతు దాకా దిగి, మోచెయ్యి ములిగేదాకా ముంచి నింపాలి. బిరడా నీళ్ళలోనే బిగించాలి, లోపల గాలి బుడగ ఉండకూడదు. తడిగుడ్డ చుట్టి తేవాలి. ఖరగ్‌పూర్‌లో బండి మారేటప్పుడు కూలీకి ఇవ్వకూడదు, సొంత చేత్తో పట్టుకోవాలి.

"కాశీ ఎల్లినోల్లని గంగ నీల్లు తెమ్మంతారు. ఈయనేటి, ఉప్పుటేటి నీల్లు తెమ్మంతాడు!" అని రైల్వేలో పనిచేసే మా వాళ్ళు ఆటపట్టించేవాళ్ళు. తెచ్చేవాళ్ళు మాత్రం. రైల్వే వాళ్ళకి పాసులుండేవి, ప్రతి నెలా ఎవరో ఒకరు వెళ్తూనే ఉండేవారు. వచ్చిన సీసా మీద నెల పేరు రాసి కిటికీ పక్క అరలో పెట్టేవారు బాబాయిగారు. మా అమ్మాయి ఎప్పుడూ హిందీలోనే మాట్లాడేది. "తాతా, బాటల్ మే క్యా హై?" అని అడిగితే, "జులై నెల్లో మీ ఊరు" అని జవాబు చెప్పేవారు. పిన్నిగారు గొణిగేవారు: "నా కాఫీ బాగుందని ఏ పొద్దూ అన్నేదు. ఆ సీసాల్ని మాత్తరం రోజూ పలకరిత్తాడు."

పెద్దసారుని అడిగి, తిండి వేళలో లేబులోనే పరీక్ష చేసేవారు. మాకు చూపించాలని ఒకసారి మందులు ఇంటికే తెచ్చారు. గాజు గ్లాసులో నీళ్ళు పోసి పసుపుపచ్చ చేసి, పై నుంచి ఇంకో మందు బొట్టు బొట్టుగా వదిలితే, ఒక్క క్షణంలో నీళ్ళు ఇటుక రంగుకి తిరిగాయి. అలా తిరగడానికి ఎంత మందు పట్టిందో చూసి ఉప్పు ఎంతో చెప్పేవారు. మే నీళ్ళు మందు తాగుతూనే ఉన్నాయి, రంగు తిరగడానికి చాలాసేపు పట్టింది. జూను కూడా అంతే. జులై సీసాకి తొందరగా తిరిగింది. ఆగస్టు సీసాకి నాలుగు చుక్కలకే. వానలకి ఎగువనుంచి వచ్చే వరద నీరు ఏట్లోని సముద్రాన్ని బయటికి తోసేస్తోందన్నమాట.

గళ్ళు గీసిన కాగితం మీద ఆ లెక్కలు రాసి బాబాయిగారు మా ఆయనకి విడమరిచి చెప్పారు. చారల రొయ్యకి ఉప్పు కావాలి. జనవరినుంచి జూను దాకా ఉప్పుంటే ఒక పంట ఖాయం. రెండో పంట వెయ్యాలంటే సెప్టెంబరుకల్లా ఉప్పు తిరిగి రావాలి. "సెప్టెంబరులో ఉప్పుంటే కాగితం మీద తారీఖు ఎయ్యి, నానే పెన్ను ఇత్తాను. నేకపోతే ఒక్క పంట. ఒక్క పంటకి ఒక్క మనిసి సాలు, ఆడు ఊల్లోనే ఉన్నాడు."

అంతా సెప్టెంబరు మీద ఆగింది. "ఆ నెల నీల్లు నానే తెత్తాను" అన్నాడు మా ఆయన. సెలవు పెట్టి వెళ్ళాడు.

ఆయన తిరిగొచ్చిన రోజు మొహంలో తెలియని హుషారు. సంచి దించకుండానే సీసా తీసి బాబాయిగారి చేతిలో పెట్టాడు. మర్నాడు సాయంత్రం లేబునుంచి వస్తూనే బాబాయిగారు లెక్క చెప్పారు. ఉప్పు బాగా ఉంది. మే నెల అంత కాకపోయినా, రెండో పంటకి సరిపడా ఉంది. మా ఆయన నన్ను చూసి నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. లోపలికెళ్ళి బియ్యం కడుగుతూ, ఇక ఈ ఇల్లు ఖాళీ చెయ్యడమే కదా అనుకున్నాను.

రెండు రోజులు బాబాయిగారు మా గుమ్మం తొక్కలేదు. మూడో రోజు పొద్దున్నే మా ఇద్దర్నే రమ్మన్నారు. పిన్నిగారిని కూడా గుడికి పంపేశారు. బల్ల మీద రెండు సీసాలు, మూతలున్న రెండు గాజు బుడ్లు, కరిగించిన సబ్బు నీళ్ళు. ఒక బుడ్డిలో మే నీళ్ళు, ఇంకో దాంట్లో సెప్టెంబరు నీళ్ళు కాస్త కాస్త పోసి, మామూలు నీళ్ళు కలిపి, సబ్బు నీళ్ళు సమంగా వేశారు. "ఇది మేం బాయిలర్ నీల్లకి ముందుగా సేసే పని" అంటూ రెండూ గట్టిగా కుదిపారు. మే బుడ్డిలో సబ్బు విరిగిన పాలలా తరకలు కట్టింది, నురగ లేదు. సెప్టెంబరు బుడ్డి నిండా తెల్లటి నురగ, మూత దాకా.

"సముద్రం ఉప్పులో ఇంకా శానా ఉంటాయి బావూ. అయ్యి సబ్బుని నురగ రానీవు. వంటింటి ఉప్పుకి ఆ అడ్డం నేదు" అన్నారు. అంతే అన్నారు. గొంతు పెంచలేదు.

మా ఆయన ఆ నురగ బుడ్డి చేతిలోకి తీసుకున్నాడు. "ఏట్లో దిగి తాగి సూసినాను బాబాయిగారూ. మంచినీల్లలాగే ఉన్నాయి. ఒడ్డున కూకుండిపోయినాను. తరవాత ఇంటికెల్లి, మా అమ్మ సూడకుండా గుప్పెడు ఉప్పు..." అని ఆగిపోయాడు. నాకు అప్పుడు కోపం రావాలి. రాలేదు. ఈ మనిషికి ఆ నిప్పుల దగ్గర్నుంచి బయటపడాలని ఇంత ఉందా అనిపించింది. ఇన్నేళ్ళ కాపురంలో నేను ఆ సంగతి తూచి చూడనేలేదు.

బాబాయిగారు రెండు బుడ్లూ కడిగి బోర్లించారు. "నీకు ఎంత ఆశుందో ఇన్నాల్లూ నాకు తెల్దు. అది కూడా సీసాలో పెట్టి తెచ్చినావు, మంచిదే" అన్నారు. "ఈ సంగతి ఈ గది దాటదు. సెప్టెంబరు గడి కాలీగా ఉంచుతాను. నోటితో సెప్పింది రాయడం నాకు అలవాటు నేదు, అందుకు. వచ్చే సెప్టెంబరు నీల్లు కూడా నువ్వే తేవాల."

ఆ మాట దాటలేదు. పిన్నిగారికి కూడా తెలియలేదని ఆవిడ మొన్న అడిగిన ప్రశ్నల్ని బట్టి నాకు అర్థమైంది.

గడి ఖాళీగా ఉందని ఆయన చేతులు ముడుచుకు కూర్చోలేదు. నవంబరులో సెలవు పెట్టి మాతో మా ఊరు వచ్చారు. మే కాని నెలలో ఆ ఊరు నేను చూడడం అదే మొదటిసారి. వరి కోతకొచ్చి ఉంది, గాలి చల్లగా ఉంది, ఇదెవరి ఊరా అనుకున్నాను. బాబాయిగారు పంచె ఎగ్గట్టి మా నేలలో నాలుగు మూలలా నడుం లోతు గోతులు తవ్వించారు. ఒక్కో గోతి మట్టిని తడిపి ఉండ చేసి, ఎగరేసి పట్టుకునేవారు. రెండు ఉండలు నిలబడ్డాయి, రెండు చేతిలోనే విచ్చిపోయాయి. సాయంత్రం గోతుల్లో నీళ్ళు నింపి తాటాకు కప్పించారు. పొద్దున్నే చూస్తే ఏటి వైపు రెండు గోతుల్లో నీళ్ళు నిలిచున్నాయి, మెరక వైపు రెండూ ఇంకిపోయాయి. "అరెకరమే సెరువుకి పనికొత్తాది. మిగతాది ఇసక, నీరు నిలవదు" అన్నారు. మా మరిది మొహం మాడిపోయింది.

అక్కడితో వదల్లేదు. ఏట్లో సన్న వల లాగి రొయ్య పిల్లల్ని పట్టే ఆడవాళ్ళ పక్కన మోకాలి లోతులో నిలబడి గంటసేపు ప్రశ్నలడిగారు. పిల్లలు ఏ నెలల్లో దొరుకుతాయి, ఏ తిథులకి ఎక్కువ, బుట్టలో ఎంతసేపు బతుకుతాయి. వాళ్ళలో ఒక ముసలామె విసిగి, "పెల్లికి పిల్లనడిగినట్టు అడుగుతన్నావేటి బావూ" అంది. ఆయన పడి పడి నవ్వారు. "పిల్లనిచ్చేటప్పుడైతే ఇంత అడగరమ్మా" అన్నారు. ఐసు ఎక్కడ దొరుకుతుంది, కరెంటు ఎన్ని గంటలుంటుంది, పట్టిన రొయ్యలు రోడ్డెక్కేసరికి ఎంత పొద్దెక్కుతుంది, అన్నీ నడిచి చూసుకున్నారు. నేను ఆయన వెనక గొడుగు పట్టుకుని తిరిగాను. ఆ నాలుగు రోజులూ నా జీవితంలో హాయిగా గడిచిన రోజుల్లో కలిపేసుకున్నాను.

అక్టోబరు, నవంబరు సీసాల్లో ఉప్పు లేదు. డిసెంబరు చివరికి ఏట్లో మళ్ళీ ఉప్పు కనబడింది. జనవరి, ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ సీసాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఏటి పక్క అరెకరంలో మా మరిది ఒక చిన్న మడి తవ్వి కొద్దిగా రొయ్య పిల్లల్ని వదిలాడు. జూనులో పట్టారు. గొప్పగా రాలేదు, బాగానే వచ్చాయి. మే నెలలో మేము ఊరికి వెళ్ళలేదు, పదిహేనేళ్ళలో మొదటిసారి. జూనులో రొయ్యలు పట్టేనాటికి వెళ్ళాం.

కాగితం మీద పదకొండు గళ్ళు నిండాయి. రాజీనామా ఇంకా మా ఆయన పెట్టెలోనే ఉంది. ఆయన ఆశ చావలేదు, నాకు తెలుస్తూనే ఉంది. పోయినేడు వరద ఎక్కువ వచ్చి ఉండొచ్చు, ఈ ఏడు సెప్టెంబరుకి ఉప్పు తిరిగి రావచ్చు అని రైల్వే వాళ్ళతో అంటుంటే విన్నాను. అది అసాధ్యమూ కాదు. ఆ సంగతి బాబాయిగారే ఒప్పుకున్నారు.

సెప్టెంబరు వచ్చింది. ఆ నెలలో ఊరికి వెళ్ళేవాళ్ళు ఇంకా ముగ్గురున్నారు. బాబాయిగారు వాళ్ళెవరికీ సీసా ఇవ్వలేదు. మా ఆయనకే ఇచ్చారు. పాఠం కూడా చెప్పలేదు.

మా ఆయన ఆదివారం పొద్దున దిగాడు. మనిషి వాలకం చూస్తేనే ఏదో జరిగిందని తెలిసింది. కాళ్ళు కూడా కడుక్కోకుండా తిన్నగా పక్క వాటాకి నడిచాడు, నేను వెనకే వెళ్ళాను. బాబాయిగారు గుమ్మంలో కూర్చుని గడ్డం గీసుకుంటున్నారు. మా ఆయన సంచిలోంచి తడిగుడ్డ తీసి విప్పాడు. అందులో సీసా మెడ ఒక్కటే ఉంది, బిరడా బిగించినది బిగించినట్టే. కింద ఏమీ లేదు.

"ఖరగ్‌పూర్‌లో బండి మారతంటే సామాన్ల బండి తగిలింది బాబాయిగారూ. సంచి కొట్టుకుంది. నీల్లన్నీ ప్లాట్‌ఫారం మీదే పోయినాయి" అన్నాడు.

నిరుడు ఉప్పు కలిపి తెచ్చిన మనిషి ఈ ఏడు పగిలిన సీసా తెస్తే ఎవరు నమ్ముతారు? ఇంకో మాట కూడా తోచింది. ఇప్పుడు ఆ గడిలో ఏది రాయాలన్నా మా ఆయన నోటిమాటే. ఉప్పుగా ఉన్నాయని ఒక్క ముక్క అంటే చాలు. కాదనడానికి చుక్క నీరు లేదు.

బాబాయిగారు సగం సబ్బు నురగతో ఉన్న మొహం ఎత్తి, "తాగి సూసినావా?" అని అడిగారు.

"సూసినాను."

"ఎలగున్నాయి?"

మా ఆయన ఆ సీసా మెడనే చూస్తూ నిలబడ్డాడు. సంచి భుజం మీదే ఉంది. దూరంగా కార్ఖానాలో షిఫ్టు కూత కూసింది.

"తియ్యగున్నాయి బాబాయిగారూ" అన్నాడు. "పోటు మీద కూడా తియ్యగానే ఉన్నాయి."

బాబాయిగారు చేతిలోని కత్తి పక్కన పెట్టారు. పిన్నిగారిని పిలిచి ఆ గళ్ళ కాగితం తెప్పించుకుని, మోకాలి మీద పరుచుకున్నారు. ఎప్పటి నీళ్ళని అడగలేదు, ఎవరు చూశారని అడగలేదు. చెవి మీది పెన్సిలు తీసి, మిగతా గళ్ళలో అంకెలున్న చోట ఆ ఒక్క గడిలో మాత్రం అక్షరాలతో, 'తీపి' అని రాశారు. చెంప మీది నురగ ఒక చుక్క జారి కాగితం అంచున పడితే, చిటికిన వేలితో మెల్లగా తుడిచి, అది ఆరేదాకా ఊదుతూ కూర్చున్నారు.